పక్షవాతమూ గుండె శోథా

"కాలూ చెయ్యీ పడిపోయినవి", "మూతి వంకర పోయినది", "మాట పడిపోయినది" - పక్షవాతాన్ని గురించి మన ఊళ్ళలో వినవచ్చే మాటలివి. గాలి సోకినదని కూడ అంటారు. ఆ మాట వట్టి మూఢనమ్మకం కాదు. పూర్వవైద్యుల సిద్ధాంతం ఒకటి దానిలో దాగి ఉన్నది. పక్షమనగా ప్రక్క, వాతమనగా గాలి. శరీరంలో ఒక ప్రక్కను వాతదోషం పట్టుకొన్నందువల్ల ఈ జబ్బు కలుగుతుందని వారు ఊహించారు. ఆ గాలి ఎక్కడినుండి బయలుదేరుతుందని అడిగితే ఆధునిక వైద్యశాస్త్రం ఇచ్చే జవాబులలో ఒకటి మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. చాలమందిలో అది గుండెలో బయలుదేరుతుంది. ఆ గుండె చెడడం కొందరిలో పది, ఇరవై ఏండ్ల ముందు, బడికి వెళ్ళే వయసులో, ఒక గొంతు నొప్పితో మొదలై ఉంటుంది. ఈ సంగతి ఉపాధ్యాయులకు తెలిసి ఉండడం అవసరం.

మొదట మెదడు సంగతి చూద్దాం. మన మెదడు బరువు సుమారు 1400 గ్రాములు. శరీరం బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. కాని గుండె నిమిషానికి పంపే అయిదు లీటర్ల రక్తంలో 750 మిల్లీలీటర్లు మెదడే తీసుకొంటుంది. శరీరమంతా వాడుకొనే ప్రాణవాయువులో అయిదవ వంతు దానిదే. ఇంత ఖర్చుగల మెదడుకు నిల్వ అంటూ లేదు. ఏ పూటకాపూట తెచ్చుకొని తినే సంసారం వంటిది అది. అందుచేత మెదడులో ఒక పెద్ద ధమని మూసుకొనిపోతే, ఆ ధమని పోషించే భాగంలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తవని 2006లో లెక్క కట్టారు. ధమని పగిలి నెత్తురు కారినా పక్షవాతం వస్తుంది, మూసుకొనిపోయినా వస్తుంది. రెండవదే ఎక్కువ. మూసుకొనిపోవడంవల్ల వచ్చే పక్షవాతాలలో నాలుగవ లేక అయిదవ వంతుకు కారణం గుండెలో పుట్టి, కొట్టుకొని వచ్చిన రక్తపు గడ్డ.

ఈ విషయం తెలియడానికి చాల కాలం పట్టినది. స్విట్జర్లండు వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లో ప్రకటించిన గ్రంథంలో, అకస్మాత్తుగా పడిపోయి మరణించిన వారి మెదళ్ళను కోసి చూచి, లోపల నెత్తురు కారినదని నిరూపించాడు. అంతవరకు ఈ జబ్బుకు కారణం మెదడులోనే ఉన్నదని అర్థమైనది. కాని కొందరి మెదడులో నెత్తురు కనిపించదు. ఒక భాగం మాత్రం మెత్తబడి, చివికిన పండువలె ఉంటుంది. అక్కడకు వెళ్ళే ధమనిలో ఏదో బిరడా వంటిది బిగుసుకొని ఉంటుంది. ఆ బిరడా ఎక్కడిది? ధమని గోడలో శోథ వచ్చి రక్తం అక్కడనే పేరుకొన్నదని పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో పెద్దలనేకులు భావించేవారు.

ఆ అభిప్రాయాన్ని తారుమారు చేసినవాడు బెర్లిన్‌లో పనిచేసిన రుడాల్ఫ్ విర్కో. అప్పటికి ఆయనకు ముప్పై ఏండ్లు కూడ లేవు. ఊపిరితిత్తుల ధమనులలో కనిపించే గడ్డలు అక్కడ పుట్టినవి కావు, కాళ్ళ సిరలలో పుట్టి రక్తంతో కొట్టుకొని వచ్చినవి అని ఆయన వాదించాడు. వాదించి ఊరుకొనలేదు. కుక్కల మెడ సిరలోనికి చిన్న రబ్బరు ముక్కలను ప్రవేశపెట్టి, కొంతకాలం తర్వాత వాటిని ఊపిరితిత్తుల ధమనులలో వెదకి పట్టుకొన్నాడు. రబ్బరు ముక్క ధమనిలో దానంతటది పుట్టదు గదా! అది ప్రయాణం చేసి వచ్చినదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఇట్లు ప్రయాణం చేసే గడ్డకు ఎంబోలస్ అనే పేరు 1848 ప్రాంతంలో ఆయన పెట్టినదే. ఇంత తేలికైన ప్రయోగంతో ఇంత పెద్ద ప్రశ్న తీరడం వైద్యచరిత్రలో తరచు జరిగేది కాదు.

గుండెనుండి మెదడుకు గల దారిని స్పష్టంగా చూపినవాడు లండను వైద్యుడు విలియం సెన్‌హౌస్ కర్క్స్. 1852లో ఆయన ప్రకటించిన వ్యాసంలో, హఠాత్తుగా పక్షవాతం వచ్చి మరణించిన కొందరు రోగుల వృత్తాంతాలున్నవి. వారి గుండెలో ఎడమవైపు కవాటాలపై పులిపిరుల వంటి మొలకలు కనిపించినవి. మెదడు ధమనిలో బిగుసుకొన్న ముక్కను చూస్తే అదీ ఆ పదార్థమే. చెట్టున కాసిన కాయ ఊడి కాలువలో పడి, క్రింద తూము దగ్గర అడ్డుపడినట్లున్నది.

ఎడమవైపు అన్నమాటను గమనించవలెను. విద్యార్థులు ఒక కాగితంపై గుండె బొమ్మ గీసి, నాలుగు గదులలో ఒక్కొక్క దానిలో ఒక గడ్డ పుట్టినదనుకొని, రక్తం పోయే దారిన వేలితో జరుపుతూ పోతే సంగతి తెలిసిపోతుంది. కుడి గదులలోని గడ్డ ఊపిరితిత్తులకు పోయి, అక్కడి కేశనాళికల జల్లెడలో ఆగుతుంది. కుడి ఎడమల మధ్య గోడలో రంధ్రం మిగిలిపోయినవారిలో తప్ప అది మెదడును చేరలేదు. ఎడమ గదులలోని గడ్డకు అటువంటి జల్లెడ లేదు. అది మహాధమనిలోనికి వచ్చి, మెడలోని గ్రీవ ధమనిలో ఎక్కి, నేరుగా మెదడులోని మధ్య ధమనిని చేరుతుంది. శరీరంలో సగభాగాన్ని కదిలించే కేంద్రాలూ, ఎక్కువమందిలో ఎడమవైపున మాటకు సంబంధించిన కేంద్రాలూ ఆ ధమని పోషణలో ఉన్నవి. అందువల్లనే కాలూ చెయ్యీ మాటా ఒక్కసారిగా పోవడం.

ఆరోగ్యవంతుని గుండెలో ఈ గడ్డ ఎందుకు పుట్టదు, జబ్బు గుండెలో ఎందుకు పుడుతుంది? శోథ అనే మాట ఇక్కడ వస్తుంది. కాలిలో ముల్లు విరిగితే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. రక్తంలోని తెల్లకణాలు అక్కడకు చేరి, శత్రువుతో పోరాడి, పాడైన కండను తిని శుభ్రపరచి, పుండు మాన్పే పని ప్రారంభిస్తవి. ఈ చర్యనంతటినీ కలిపి శోథ అంటారు. వాపు అనవచ్చును గాని, "గుండె వాచినది" అని మన వాడుకలో గుండె పెద్దదైనప్పుడు కూడ అంటారు. ఆ తికమక లేకుండా ఈ వ్యాసంలో శోథ అనే వాడుతాను. గుండె కండరానికి శోథ రావచ్చును. పైనున్న సంచికి రావచ్చును. లోపలి పలుచని పొరకు రావచ్చును. మనకు ముఖ్యమైనది లోపలి పొర. కవాటాలను కప్పి ఉండేది అదే.

ఆ పొర నున్నగా ఉన్నంతకాలం దానిపై రక్తం గడ్డకట్టదు. శోథవల్ల అది గరుకైతే రక్తఫలకికలు వచ్చి అంటుకొంటవి. వాటిపై ఫైబ్రిన్ దారాలు అల్లుకొంటవి. ఒకప్పుడు పంటి చిగుళ్ళనుండి గాని, చర్మంమీది పుండునుండి గాని రక్తంలో ప్రవేశించిన సూక్ష్మజీవులు ఆ అల్లికలో గూడు కట్టుకొంటవి. విలియం ఆస్లర్ 1885లో లండనులో చేసిన ఉపన్యాసాలతో ఈ జబ్బు వైద్యలోకంలో ప్రసిద్ధమైనది. పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు వచ్చినవారు బ్రతకడం చాల అరుదు. ఇప్పటికీ ఈ రోగులలో అయిదుగురిలో ఒకరికైనా పక్షవాతం వస్తుంది. మొలక పది మిల్లీమీటర్లు దాటితే భయం ఎక్కువ. ఇక్కడ చికిత్సలో ఒక విచిత్రమున్నది. గడ్డవల్ల పక్షవాతం వస్తే గడ్డను కరిగించే మందు ఇస్తారు గదా. ఈ రోగికి ఆ మందు ఇవ్వడం అపాయం. సూక్ష్మజీవులు చేరిన ముక్క ధమని గోడను కూడ తినివేసి ఉంటుంది కనుక మెదడులో నెత్తురు కారవచ్చును. సరియైన మందు సూక్ష్మజీవిని చంపే మందే. అది ప్రారంభించిన మొదటి వారం గడిస్తే పక్షవాతం భయం చాలవరకు తగ్గిపోతుంది. శోథ ఆరిపోతే గడ్డలూ ఆగిపోతవని దీనివల్ల తెలుస్తున్నది.

ఐతే మన దేశంలో మనం ఎక్కువగా భయపడవలసిన గుండె శోథ వేరొకటి. దానిలో సూక్ష్మజీవి గుండెలో అడుగైనా పెట్టదు. అది కీళ్ళవాత జ్వరం. రుమాటిక్ జ్వరమని డాక్టర్లంటారు.

స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొలుసులుగా పెరుగుతుంది. ఆ జాతిలో "ఎ" వర్గానికి చెందినది పిల్లల గొంతులో చేరితే గొంతు నొప్పి, జ్వరం వస్తవి. మింగడం కష్టమవుతుంది, దవడ క్రింద బిళ్ళలు కడతవి. నాలుగైదు రోజులలో తగ్గిపోతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించినందువల్ల తగ్గినదని ఇంట్లో అనుకొంటారు. సాధారణంగా అంతటితో కథ ముగుస్తుంది. కొద్దిమంది పిల్లలలో మాత్రం రెండు మూడు వారాల తర్వాత రెండవ అంకం ప్రారంభమవుతుంది. శరీరం ఆ సూక్ష్మజీవిమీద యుద్ధానికి తయారుచేసిన ప్రతిరక్షక పదార్థాలు గుండెను కూడ శత్రువనుకొని దానిపై పడతవి. కారణమేమంటే, సూక్ష్మజీవి పైపొరలోని ఒక మాంసకృత్తుకూ మన గుండె కండరంలోని మాంసకృత్తుకూ పోలిక ఉన్నది. దొంగ పోలికలున్న పాపానికి పెద్దమనిషి దెబ్బలు తిన్నట్లే. ఈ జ్వరం ముఖ్యంగా అయిదునుండి పదిహేనేండ్లలోపు పిల్లలకు వస్తుంది. అనగా సరిగ్గా బడి వయసు. మోకాలు వాచి నొప్పి పెడుతుంది, రెండు రోజులకు అది తగ్గి మోచేయి వాస్తుంది, తర్వాత మడమ. కీళ్ళ నొప్పి వచ్చి పోతుంది. గుండెమీద పడిన గాటు పోదు.

ఈ జ్వరానికి ఇంకొక రూపమున్నది. దానిని ఉపాధ్యాయులు తప్పక తెలిసికొనవలెను. మొన్నటివరకు చక్కగా వ్రాసే పిల్ల దస్తూరీ పాడవుతుంది. చేతిలోని వస్తువులు జారవిడుస్తుంది. ముఖం చిట్లిస్తుంది, భుజాలు ఎగురవేస్తుంది, ఒకచోట కుదురుగా కూర్చొనలేదు. ఊరకే ఏడుస్తుంది. నిద్రపోయినప్పుడు ఈ కదలికలు ఆగిపోతవి. ఆంగ్ల వైద్యుడు తామస్ సిడెన్‌హామ్ 1686లో దీనిని వర్ణించాడు. ఇప్పటికీ ఆయన పేరే. ఇది కూడ స్ట్రెప్టోకాకస్ మిగిల్చిన ప్రతిరక్షకాల పనే. ఈసారి అవి మెదడులో కదలికలను దిద్దే భాగంపై పడినవి. ఆడపిల్లలలో ఎక్కువ. తరగతిలో అల్లరి చేస్తున్నదనీ, వెక్కిరిస్తున్నదనీ ఇటువంటి పిల్లను బెంచీ ఎక్కించడం తేలిక. నిజానికి ఆ పిల్లకు గుండె పరీక్ష చేయించవలెను. దస్తూరీ ఎందుకు చెడినదో అందరికంటె ముందు గమనించగలవాడు డాక్టరు కాదు. నోటుపుస్తకాలు దిద్దే మాష్టరు.

గాటు పడిన కవాటం మాట చూద్దాం. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య రెండు రెక్కల తలుపున్నది. మిట్రల్ కవాటమని దాని పేరు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది తెరచుకొనే వైశాల్యం నాలుగునుండి ఆరు చదరపు సెంటీమీటర్లు. శోథ మానేటప్పుడు రెక్కల అంచులు ఒకదానికొకటి అతుక్కొంటవి. జ్వరం మళ్ళీ వచ్చినకొద్దీ ఇంకా అతుక్కొంటవి. పది, ఇరవై ఏండ్లు గడిచేసరికి ఆ వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లకంటె తక్కువకు దిగిపోవచ్చును. వెనుకనున్న కర్ణికలో రక్తం నిలిచిపోతుంది. కర్ణిక సాగి సాగి చివరకు లయ తప్పి, కొట్టుకొనడం మాని వణకడం మొదలుపెడుతుంది. పారే నీటిలో నాచు పట్టదు, నిలిచిన నీటిలో పడుతుంది. కర్ణికకు ప్రక్కన చెవి తమ్మెవలె ఒక చిన్న సంచి ఉన్నది. అక్కడ రక్తం మరీ నిలిచి గడ్డ కడుతుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలోని ప్రజలను ఏండ్ల తరబడి పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1978లో ఒక లెక్క ప్రకటించారు. కవాటం బాగుండి కర్ణిక మాత్రం వణికేవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరులకంటె అయిదు రెట్లకు పైన. కీళ్ళవాతంవల్ల కవాటం చెడి కర్ణిక వణికేవారికి పదిహేడు రెట్లకు పైన. అనగా ముప్పై, నలభై ఏండ్ల వయసులో, పిల్లల తల్లికి, రక్తపు పోటు గాని మధుమేహం గాని లేకుండ, ఒకనాటి ఉదయం కుడి చెయ్యి పడిపోతే, దానికి మూలం పదేండ్ల వయసులో వచ్చిన గొంతు నొప్పి కావచ్చును.

ఈ గొలుసును మొదటి లంకెలోనే తెంపవచ్చును. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో వారెన్ అనే సైనిక స్థావరంలో గొంతు నొప్పి వచ్చిన సైనికులపై ఒక పరీక్ష జరిగినది. సుమారు 800 మందికి పెన్సిలిన్ ఇచ్చారు. దాదాపు అంతమందికే ఇవ్వలేదు. ఇవ్వనివారిలో 17 మందికి కీళ్ళవాత జ్వరం వచ్చినది. ఇచ్చినవారిలో ఇద్దరికి మాత్రమే. గొంతు నొప్పి ప్రారంభమైన తొమ్మిది రోజులలోపల మందు పడితే చాలునని తర్వాత తెలిసినది. దగ్గూ జలుబూ లేకుండ జ్వరంతో గొంతు నొప్పి వచ్చి, గొంతులో తెల్లని చీము మచ్చలు కనబడిన పిల్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపితే ఈ పని జరుగుతుంది. ఖరీదైన మందు కాదది.

ఒకసారి జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ సూది వేస్తారు. ఏండ్ల తరబడి వేయించుకొనవలెను. నొప్పి పుట్టే సూది. జబ్బు పైకి కనబడదు గనుక పిల్లలు మానివేస్తారు, పెద్దలూ మరచిపోతారు. ఈ సూది వృథా కాదనడానికి ఇటీవలి సాక్ష్యం ఆఫ్రికాలోని ఉగాండానుండి వచ్చినది. ఏ బాధా లేకుండ, అల్ట్రాసౌండు యంత్రంతో చూస్తేనే కవాటంలో మార్పు కనిపించే 818 మంది పిల్లలను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు నెలనెలా సూది వేశారు. రెండేండ్లకు సూది వేయించుకొన్న జట్టులో జబ్బు ముదిరినవారు నూటికి ఒకరైనా లేరు. రెండవ జట్టులో నూటికి ఎనమండుగురు. 2022లో ఈ ఫలితం అచ్చయినది. అసలు ఇటువంటి పిల్లలు ఎంతమంది ఉంటారని అడగవచ్చును. 2007లో కంబోడియా, మొజాంబిక్ దేశాల బడి పిల్లలను పరీక్షించినప్పుడు, స్టెతస్కోపుతో విని పట్టుకొనగలిగినది వేయికి ఇద్దరు ముగ్గురిని. అల్ట్రాసౌండుతో చూస్తే వేయికి ఇరవై, ముప్పై మంది తేలారు. ఈ జబ్బును నివారించవలెనని 2018లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసినది. ధనిక దేశాలలో ఇది దాదాపు అదృశ్యమైనందువల్ల పరిశోధనకు ధనం చాలకాలం దొరకలేదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

కవాటం అప్పటికే చెడినవారికి గడ్డకట్టకుండ వార్ఫరిన్ వంటి మందులిస్తారు. ఇది విటమిన్ "కె"కు విరోధి. తోటకూర, గోంగూర వంటి ఆకుకూరలలో విటమిన్ "కె" ఉన్నది గనుక ఒక వారం విపరీతంగా తిని, మరొక వారం పూర్తిగా మానితే మందు లెక్క తప్పుతుంది. తినడం తప్పు కాదు. ఎప్పుడూ ఒకే మోతాదులో తినవలెను. మాటిమాటికి రక్తపరీక్ష కూడ కావలెను. ఆ బాధలేని కొత్త మందులు వచ్చినవి. ఇతర కారణాలవల్ల కర్ణిక వణికేవారికి అవి బాగుగా పనిచేస్తున్నవి. కీళ్ళవాత రోగులకు కూడ అవే మేలని చాలమంది అనుకొన్నారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ముఖ్యపాత్ర వహించగా, 24 దేశాలలో నాలుగువేల అయిదువందలకు పైగా రోగులపై జరిగిన పరీక్ష ఫలితం 2022లో వెలువడినది. కొత్త మందుకంటె పాత మందు పుచ్చుకొన్నవారిలోనే మరణాలు తక్కువ. ఈ రోగుల సగటు వయసు యాభై. నూటికి 72 మంది స్త్రీలు. ఒక జాతి రోగులపై పనిచేసిన మందు మరొక జాతిపై పనిచేస్తుందని అనుకొనరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇంతవరకు గుండెనుండి మెదడుకు వెళ్ళే దారి. తిరుగుదారి కూడ ఉన్నదా?

ఉన్నదని మొదట సూచించినది ఇ.సి.జి. యంత్రం. మెదడులో నెత్తురు కారిన రోగులకు గుండె జబ్బు లేకున్నా వారి ఇ.సి.జి. గీతలు వింతగా మారడం 1947లోనూ, 1954లోనూ అమెరికా వైద్యులు వర్ణించారు. దెబ్బతిన్న మెదడు సానుభూత నాడులద్వారా గుండెపై కొరడా ఝళిపిస్తుంది. అడ్రినలిన్ జాతి రసాయనాలు ఒక్కసారిగా వెలువడి గుండె కండరాన్ని కాల్చినంత పని చేస్తవి. 1990లో జపాను వైద్యులు ఇటువంటి గుండెకు టకోట్సుబో అని పేరు పెట్టారు. అది అక్కడి జాలరులు ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరు. తీవ్రమైన దుఃఖం, భయం కలిగినప్పుడు కూడ గుండె ఎడమ జఠరిక ఆ కుండ ఆకారంలో ఉబ్బిపోతుంది. దుఃఖంతో గుండె పగిలినదని మనవాళ్ళనడం పూర్తిగా అలంకారం కాదన్నమాట.

కాని ఇది గంటలలో, రోజులలో జరిగే వ్యవహారం. నెలల తర్వాత సంగతి ఏమిటి? పక్షవాతం వచ్చినవారిలో అయిదుగురిలో ఒకరికి మొదటి మూడు నెలలలో గుండెకు సంబంధించిన తీవ్రమైన ఇబ్బంది కలుగుతున్నదని 2007లో ఒక పెద్ద పరిశీలన చెప్పినది. రక్తపు పోటు, మధుమేహం రెండింటికీ మూలం కాబట్టి రెండూ కలిసి వస్తున్నవని సరిపెట్టుకొనవచ్చును. అది కొంతవరకు నిజమే. మిగిలినదానికి కారణం జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ లీస్ బృందం చేసిన పరిశోధనలో దొరికినది. 2024లో అది ప్రకటితమైనది. దాని తర్కం విద్యార్థులు జాగ్రత్తగా గమనించదగినది.

వారు ఎలుకలలో మెదడు ధమనిని మూసి పక్షవాతం కలిగించారు. వాటికి రక్తపు పోటు లేదు, మధుమేహం లేదు. ఐనా నెలల తర్వాత వాటి గుండెలో నారపోగులు పెరిగి, కండరం బిరుసెక్కి, సరిగా సడలలేకపోయినది. గుండెలోని కణాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు మూడు నెలలు గడిచినా శోథ స్థితిలోనే ఉన్నవి. మెదడులో యుద్ధం ఎప్పుడో ముగిసినది; గుండెలో సైనికులు ఆయుధాలు దింపలేదు. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. మోనోసైటు రక్తంలో కొద్ది రోజులు మాత్రమే ఉంటుంది. మూడు నెలల క్రిందటి సంగతి దానికెట్లా తెలుసు? తనకు ముందున్నవారినుండి నేర్చుకొని ఉండవలెను. తెల్లకణాలకు పుట్టిల్లు ఎముకలోని మూలుగ. కనుక జ్ఞాపకం మూలుగలో ఉండి ఉండవలెనని వారు ఊహించారు.

ఊహను పరీక్షించడమెట్లా? పక్షవాతం వచ్చిన ఎలుకల మూలుగను తీసి, ఎన్నడూ పక్షవాతం రాని ఎలుకలలో పెట్టారు. ఆ ఎలుకల మెదడుకు ఏ గాయమూ లేదు. ఐనా వాటి గుండె పని చెడినది! విర్కో కుక్కలో పెట్టిన రబ్బరు ముక్క వంటిదే ఇదీ. ఎవరి గాయమో ఎవరి గుండెకో మూలుగద్వారా చేరినది.

మూలుగలో ఏమి మారినది? జన్యువులు మారలేదు. వాటిలో ఏవి తెరచి ఉండవలెనో, ఏవి మూసి ఉండవలెనో అది మారినది. పెద్ద పుస్తకంలో అక్షరాలు అవే ఉండగా, గుర్తులు పెట్టిన పుటలు మాత్రం వేరైనట్లు. ఆ గుర్తులు పెట్టే రసాయనం ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అని గుర్తించారు. పక్షవాతం వచ్చిన వెంటనే శరీరంలో అది పెరుగుతుంది. దానిని అణచివేసినప్పుడు గాని, మోనోసైట్లు గుండెలోనికి ప్రవేశించకుండ మందుతో ఆపినప్పుడు గాని, ఎలుకల గుండె చెడలేదు. పక్షవాతం వచ్చిన మనుష్యుల గుండెలలో కూడ ఇటువంటి మార్పుల ఆనవాళ్ళను వారు చూపారు.

ఇది విని, శోథను అణచే మందు పక్షవాత రోగులందరికీ ఇస్తే సరిపోదా అని అడగబుద్ధి అవుతుంది. అంత తేలిక కాదు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా మనకు శత్రువు కాదు. సూక్ష్మజీవులనుండి కాపాడేవాటిలో అదీ ఒకటి. దానిని అణచే కనాకినుమాబ్ అనే మందును గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా రోగులపై పరీక్షించగా, 2017లో ఫలితం తెలిసినది. గుండె జబ్బులు కొంత తగ్గినవి. ప్రాణాంతకమైన అంటువ్యాధులు కొంత పెరిగినవి. పక్షవాత రోగికి అసలే మింగడం కష్టమై ఊపిరితిత్తులలో చీము పట్టే భయం ఉంటుంది.

చవకైన మరొక మందు కాల్చిసిన్. మన అడవులలో, కంచెలమీద నిప్పు మంటల వంటి పూలు పూసే అడవినాభిలో ఈ పదార్థమున్నది. అగ్నిశిఖ అని కూడ అంటారు. దాని దుంప ఘోరమైన విషం; ఎవరూ నోట పెట్టరాదు. శుద్ధిచేసిన కాల్చిసిన్‌ను అతి కొద్ది మోతాదులో ఇస్తే శోథ తగ్గుతుంది. పక్షవాతం మళ్ళీ రాకుండ, గుండె చెడకుండ అది ఆపగలదేమోనని ఐరోపా, కెనడాలలో 3154 మంది రోగులపై పరీక్షించారు. 2024లో ఫలితం వచ్చినది. మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 9.8 మందికి, పుచ్చుకొననివారిలో 11.7 మందికి మళ్ళీ ఆపద కలిగినది. తేడా ఉన్నది గాని, అది కాకతాళీయం కాదని చెప్పగలిగినంత పెద్దది కాదు. ఆ సంవత్సరమే చైనాలో 8343 మందిపై మూడు నెలలు జరిగిన పరీక్షలో ఆ మాత్రం తేడా కూడ కనబడలేదు. ఐతే ఈ రెండు పరీక్షలూ అడిగిన ప్రశ్న వేరు: పక్షవాతం మళ్ళీ వస్తుందా, గుండెపోటు వస్తుందా అని. మూలుగలో గుర్తులు చెరిగినవా, గుండె బిరుసెక్కడం ఆగినదా అని అవి చూడలేదు. ఎలుకలలో మందు పనిచేసినది పక్షవాతం వచ్చిన తొలి ఘడియలలో ఇంటర్‌ల్యూకిన్ పైకి ఎగసినప్పుడు. మనిషికి ఆ ఘడియలలో గడ్డను కరిగించే సూది వేయడానికే నాలుగున్నర గంటల వ్యవధి ఉన్నది. మూతి వంకర పోయినా, చెయ్యి వ్రాలినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగకుండ 108కి ఫోను చేయవలసినది అందుకే. ఆ వ్యవధిలోనే గుండెను కాపాడే మందు కూడ ఇవ్వగలమా, ఇస్తే అంటువ్యాధుల మాటేమిటి అన్నది తర్వాతి పరీక్షలు తేల్చవలసి ఉన్నది.